టిప్పుల్లో చేపల వాటా

కరీంనగర్ బస్టాండు దగ్గరి ఒక ఫ్యామిలీ రెస్టారెంటులో నేను చాలా ఏళ్లు సర్వరుగా పనిచేశాను. మా బాపు మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. ఆ చప్పుడులో తన చెవులు ఎలాగూ పోయాయి, కొడుకు చెవులైనా మిగలాలని నన్ను హోటల్ పనిలో పెట్టించాడు. మా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను, మిక్సీ, వంటమాస్టరు గొంతు ఒకేసారి మోగడం ఆయన ఎప్పుడూ చూడలేదు. చెప్పినా వినబడదు కాబట్టి నేనూ చెప్పలేదు.

సర్వరుకు జీతం ఒక ఎత్తు, టిప్పు ఒక ఎత్తు. ఎవరు ఇస్తారో ఎవరు ఇవ్వరో కుర్చీ లాక్కునే తీరులోనే మాకు తెలిసిపోయేది. గ్రానైట్ వ్యాపారులు ఫోన్లో మాట్లాడుతూనే తిని, మాట్లాడుతూనే ఏదో ఒక నోటు పెట్టి వెళ్లేవారు. పెళ్లిచూపుల కోసం వచ్చినవాళ్లలో అబ్బాయి తండ్రి, అమ్మాయి చూస్తుండగా పెద్ద నోటు పెట్టి, ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేవగానే దాన్ని తీసి చిన్న నోటు పెట్టేవాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు వచ్చిన కొత్తలో బంగారం లాంటి మనుషులు. తిరిగి విమానం ఎక్కే రోజులు దగ్గరపడేసరికి సోంపు గుప్పెడు తిని, ఇంకో గుప్పెడు జేబులో వేసుకుని పోయేవారు. మాకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. వచ్చింది వచ్చినట్టు జేబులో వేసుకునేవాళ్లం.

ఆ సుఖం మా మేనేజరుకు నచ్చలేదు. ఆయన మా సేఠ్‌కు, అంటే హోటల్ ఓనరుకు, సొంత బామ్మర్ది. చేతులు వెనక్కి కట్టుకుని, టేబుళ్ల మీద వేలు పెట్టి రాసి, ఆ వేలిని వెలుతురులో చూసుకుంటూ తిరగడం ఆయన పని. ఒకసారి హైదరాబాద్ పోయి ఏదో వ్యక్తిత్వ వికాసం క్లాసు విని వచ్చాడు. వచ్చిన మరునాడే తాళం వేసిన ఇనుప డబ్బా ఒకటి కౌంటరు మీద పెట్టాడు. దాని మీద ఎర్ర పెయింటుతో ‘మన కుటుంబం’ అని రాయించాడు. ఎవరూ చెయ్యి పెట్టకుండా లక్ష్మీదేవి బొమ్మ కూడా అంటించాడు.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక అందరినీ పిలిచాడు.

“ఇగ నుంచి ఎవ్వల టిప్పు వాళ్లు జేబుల ఏసుకునుడు బంద్. మనమంత ఒక్క కుటుంబం. కుటుంబమన్నంక ఒక్కటే డబ్బా ఉంటది. వారం వారం తీసి పంచుత.”

సర్వర్లం ముఖాలు మాడ్చుకున్నాం. వెనకాల గిన్నెలు తోమే అక్క మాత్రం, “మంచిదే గదా. గట్లన్న మాకు రెండు పైసలు వస్తయి” అంది. ఆమె మాకందరికీ అక్కే. వయసులో సేఠ్ కంటే పెద్దది, సేఠ్ కూడా అక్కా అనే పిలిచేవాడు.

వారం తిరిగింది. మేనేజరు డబ్బా తెరిచి వాటాలు చెప్పాడు. సర్వర్లకు కొంత. మేనేజరుకు, ఆయన చూసుకుంటున్నాడు కాబట్టి, కొంత ఎక్కువ. ఏసీకి ఒక వాటా. హాల్లో అద్దాల తొట్టిలో తిరిగే చేపలకు ఒక వాటా. వంటింటికీ అక్కకూ ఏమీ లేదు.

మొదట మేం తప్పు విన్నామనుకున్నాం.

“ఏసీకి వాటా ఏంది సార్?” అని వంటమాస్టరు అడిగాడు.

“చల్లగ ఉంటేనే గిరాకీ ఆరామ్‌గ తింటరు. ఆరామ్‌గ తింటేనే టిప్పు ఇస్తరు. ఏసీ లేకుంటే నీ మొకం జూసి ఇస్తరా?”

“మరి చేపలకు?”

“పోరగాండ్లు చేపలను జూసుకుంట కూసుంటరు. తల్లిదండ్రులు ఇంకో ఐటం చెప్తరు. బిల్లు పెరిగితే టిప్పు పెరుగుతది. దీన్నే బిజినెస్ అంటరు.”

అక్క చేతులకున్న సబ్బు నురగను కొంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. “అంటే నాకంటె చేప ఎక్కువనా సార్?”

“గట్ల గాదక్కా. చేప గిరాకీకి కనబడ్తది. నువ్వు కనబడవు.”

నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ వేళ పొద్దుటి నుంచీ తిండి లేదు, ఆకలి మీదున్నప్పుడు నా నోరు నా మాట వినదు.

“సార్, వాటా ఉన్నంక పని గూడ ఉండాలె గదా. రేపటి సంది మూల టేబులుకు నీళ్లు చేపలను ఇయ్యమనుండ్రి” అన్నాను.

వంటమాస్టరు నవ్వి నవ్వి గంటె వదిలేశాడు. అది పక్కనే పెట్టిన సాంబారు బకెట్టులో మునిగింది. అక్క నవ్వింది. తొట్టిలో మేత వేస్తున్న వాచ్‌మన్ కూడా చేపల వైపు తిరిగి భుజాలు కదుపుకున్నాడు. మేనేజరు మాత్రం నవ్వలేదు. డబ్బాకు తాళం వేసి, డ్యూటీ పుస్తకం తీసి నా పేరు కింద ఒక గీత గీశాడు. ఆ గీత మంచిది కాదని నాకు అప్పుడే తెలియాల్సింది.

మరునాటి నుంచి నా టేబుళ్లు మారాయి. చేతులు కడుక్కునే తొట్టి పక్కన, గిరాకీ ఎవరూ కూర్చోని రెండు టేబుళ్లు నావి. అక్కడ కూర్చునేవాళ్లంతా ఇంకో టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్లే. తర్వాత నా వారపు సెలవు పోయింది. ఎందుకని అడిగితే, “కుటుంబానికి సెలవు ఉంటదా?” అన్నాడు. అయినా నేను పని మానలేదు. చివరికి ఒక రోజు సేఠ్ ఎదురుగా నన్ను పిలిచి, భుజం తట్టి, “నీకు ప్రమోషన్. ఆదిలాబాద్ల మన కొత్త బ్రాంచికి ఇన్‌చార్జివి నువ్వే. రేపే పోవాలె” అన్నాడు. సేఠ్ తలూపాడు. బామ్మర్ది ఏం చెప్పినా ఆయన తలూపుతాడు. ఇంట్లో ఆయన భార్య సేఠాని ఆ తలకు అలా అలవాటు చేసింది.

అవ్వకు, అంటే మా అమ్మకు, ఫోన్ చేస్తే సంబరపడింది. “ఇన్‌చార్జి అంటే గంటె పట్టుడు తప్పినట్టేనా బిడ్డా?” అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే వాడకట్టంతా చెప్పడానికి పోయింది. మా వాడలో ఆ రోజు నాకు ఒక కారు కూడా ఇచ్చారని తర్వాత తెలిసింది.

నిర్మల్ మీదుగా పోయే బస్సెక్కి ఆదిలాబాద్ చేరాను. పత్తి సీజను. జిన్నింగ్ మిల్లుకు పోయే రోడ్డు పొడుగునా పత్తి నింపిన బండ్లు, ట్రాలీలు వరసగా నిలబడి ఉన్నాయి. మేనేజరు చెప్పిన చోట దిగి చూస్తే హోటల్ లేదు. స్తంభాలు ఉన్నాయి. స్తంభాల మీద స్లాబు ఉంది. గోడలు లేవు. ఒక మేక సిమెంటు బస్తాల మీద ఎక్కి పడుకుని ఉంది. కింద ఒక మేస్త్రి గుబురు మీసాలతో, తాపీ చేతిలో పట్టుకుని నా సంచివైపు చూస్తున్నాడు.

“అన్నా, గీడ హోటల్ ఏడ ఉన్నది?”

“ఇథేచ్” అన్నాడాయన మరాఠీలో, ఇక్కడే అన్నట్టు తాపీతో చుట్టూ చూపించి. “ఇదే హోటల్, భావూ. తిందామని వచ్చినవా? జర ముందల వచ్చినవ్. ఎండకాలం అయినంక రా.”

నేను మేనేజరుకు ఫోన్ చేశాను.

“హోటల్ లేదు సార్.”

“కడ్తున్నరు గదా. నువ్వు ఇన్‌చార్జివి. డ్యూటీ టైముల పూర్తి యూనిఫారం మీద ఉండాలె. పొద్దున, సాయంత్రం ఫోటో దిగి పంపాలె. ఎనుక హోటల్ కనబడాలె.”

“హోటల్ లేదు సార్ అంటున్న.”

“స్తంభాలు కనబడనీ.”

మా యూనిఫారం అంటే తెల్ల చొక్కా, నల్ల కోటు లాంటి పొట్టి జాకెట్టు, మెడకు సీతాకోకచిలుక లాంటి నల్ల టై. మరునాడు అదంతా వేసుకుని, చేతి మీద తువ్వాలు మడిచి వేసుకుని, ఇసుక కుప్ప పక్కన నిలబడ్డాను. సిమెంటు కలిపే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. రోడ్డు మీద ట్రాలీల వాళ్లు హారన్ కొట్టారు. ఇంటికి పోదామని చాలాసార్లు అనిపించింది. పోతే మేనేజరు కోరుకున్నదే అవుతుంది. “వాడే ఇడిసిపెట్టి పోయిండు” అంటాడు. కాబట్టి సిగ్గు, కోపం రెండూ మింగి అక్కడే నిలబడ్డాను. మేక వచ్చి నా తువ్వాలు అంచు నమలడం మొదలుపెట్టింది. నేను గుంజుకున్నాను. అదీ గుంజింది.

మధ్యాహ్నం అన్నం వేళకు మేస్త్రి ఒక సిమెంటు బస్తా మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తాపీని టేబులు మీద చెంచాలా తన ముందు పెట్టుకున్నాడు.

“ఏయ్ భావూ, కాయ్ మిళేల్?” అన్నాడు. ఏమేం దొరుకుతాయని అడుగుతున్నాడు.

ఎవరైనా అలా అడిగితే నా నోరు ఆగదు. చాలా ఏళ్ల అలవాటు. చికెన్ సూప్ దగ్గర మొదలుపెట్టి, మంచూరియా, చేపల ఫ్రై, నాలుగు రకాల బిర్యానీ, రుమాలీ రొట్టె, చివరికి ఖుబానీ కా మీఠా దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. కూలీలంతా అన్నం మూటలు విప్పడం మానేసి విన్నారు.

మేస్త్రి గంభీరంగా ఆలోచించాడు. “చేపల ఫ్రై ఒకటి. గరం గరం ఉండాలె” అన్నాడు.

“పది నిమిషాలు పడ్తది సార్” అన్నాను, మా దగ్గర అలాగే అంటాం కాబట్టి. ఆయన టిఫిను డబ్బా తీసి, అందులోని జొన్నరొట్టెను మడిచి, మూత మీద పెట్టి, పక్కన పచ్చిమిరపకాయ తొక్కు గోపురంలా నిలబెట్టి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని వంగి ఆయన ముందు పెట్టాను. ఆయన తిని, “చేపల ముండ్లు లేవు. మంచిగున్నది” అన్నాడు. ఆ తర్వాత అందరికీ ఆ భోగం కావాలి. ఒకామె బిర్యానీ అడిగి అటుకులు తింది. ఒకాయన ఖుబానీ కా మీఠా అడిగాడు, బెల్లం ముక్క ఇచ్చాను. నేను ఆదిలాబాద్ వచ్చాక కడుపునిండా నవ్వింది ఆ రోజే.

ఇదంతా రోడ్డు మీద పత్తి బండ్ల వాళ్లు చూశారు. వాళ్లకు మిల్లు ముందు గంటల తరబడి కూర్చోవడమే పని. టై కట్టుకున్న సర్వరు, బస్తాల మీద కూర్చుని తింటున్న జనం కనబడేసరికి ఒక పెద్దాయన తలపాగా సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. లోపలా బయటా ఏమీ లేదనుకోండి, ఒక స్తంభం దాటాడు.

“హోటల్ తెరిచిండ్రా? ఒక చాయ్ పట్రా.”

నేను మేస్త్రి భార్యవైపు చూశాను. ఆమె మూడు ఇటుకల పొయ్యి మీద కూలీలకోసం చాయ్ మరిగిస్తోంది. ఒక గ్లాసు పోసి ఇచ్చింది. పెద్దాయన తాగాడు, చాయ్ పైసలు ఆమెకిచ్చాడు, నా టై వైపు ఒకసారి చూసి నాకు వేరే ఇచ్చాడు. మరునాడు ఇంకో పదిమందిని వెంటబెట్టుకొచ్చాడు. వారం తిరగకముందే ఆమె పాలు రెండింతలు తెప్పించి, పొద్దుటి పూట అటుకులు కూడా చేయడం మొదలుపెట్టింది. నేను ఆమెను వదినా అనేవాణ్ని. ఆమె నన్ను టైవాలా అనేది.

టిప్పుల దగ్గర మా మధ్య మొదటి పేచీ వచ్చింది. నా చేతిలో పెట్టింది నాదే అన్నాను.

“ఉట్టి గ్లాసు తీస్కపోయి పెట్టు, ఎవరిస్తరో చూద్దాం” అంది వదిన.

మేస్త్రి మధ్యలో దూరి, “హోటల్ కట్టేది నేను. నాకు గూడ వాటా ఉండాలె” అన్నాడు.

“కట్టినందుకు నీకు కూలి వస్తలేదా? నువ్వు ఊకో” అంది ఆమె. ఆయన ఊరుకున్నాడు. గ్లాసులు కడిగే ఆడమనిషికి ఇవ్వాలా వద్దా అన్నప్పుడు అందరూ ఆమెవైపు చూశారు. ఆమె, “నేను కడుగకుంటే రేపు ఏ గ్లాసుల పోస్తరు?” అని మాత్రం అంది. చివరికి ఒక పసుపుపచ్చ హెల్మెటు తిరగేసి అందులో వేసి, చాయ్ చేసినవాళ్లు, ఇచ్చినవాళ్లు, కడిగినవాళ్లు సమానంగా పంచుకోవడం ఖాయమైంది. ఆ మాట ఖాయం చేసుకోవడానికి చాలాసేపు అరుచుకున్నాం. కానీ అందరం కూర్చునే అరుచుకున్నాం.

ఆ సాయంత్రం కరీంనగర్ అక్కకు ఫోన్ చేశాను. “అక్కా, నీకు గూడ వాటా రావాలె. నాకు గీడికి వచ్చినంక సమజైంది.”

“నాకు ఎప్పుడో సమజైంది గని, నువ్వు విను. నేను, మాస్టరు కలిసి లేబర్ ఆఫీసుకు పోయి వచ్చినం. అడిగినందుకు మా పోరన్ని గోడలు లేని హోటల్‌కు తోలిండ్రని చెప్పినం. నిన్ను గూడ పిలుస్తరట, వస్తవా?”

వస్తానన్నాను. కాస్త భయం వేసింది, అంతకన్నా ఎక్కువ ధైర్యం వచ్చింది. అక్క అంతదూరం నాకోసం పోతుందని నేను అనుకోలేదు.

ఈలోగా మేనేజరుకు నా ఫోటోల మీద అనుమానం వచ్చింది. “నీ ఎనుక గా మనుషులెవరు?” అని ఫోన్ చేశాడు.

“గిరాకీ సార్.”

“దేనికి గిరాకీ?”

“చాయ్‌కి సార్.”

రెండోనాడే కారేసుకుని వచ్చాడు. కారులోంచి ఇంకో ఇనుప డబ్బా దించాడు. దాని మీద కూడా ‘మన కుటుంబం’ అని రాసి ఉంది. దాన్ని పొయ్యి పక్కన ఇటుకల మీద పెట్టి, “గీ జాగ మాది. గీడ వచ్చే టిప్పులన్నీ గీ డబ్బాల పడాలె” అన్నాడు.

వదిన చాయ్ వడపోస్తూనే అడిగింది. “నువ్వేం పని చేస్తవ్ అన్నా?”

“సూపర్‌విజన్.”

“అంటే?”

“అంటే... అందరు చేసేది చూసుడు.”

“చూసినందుకు వాటానా? గట్లయితే మా మేకకు గూడ ఇయ్యాలె. అది నీకంటె ముందుగాల్నే వచ్చి చూస్తున్నది.”

మేక నిజంగానే బస్తాల మీదినుంచి ఆయనవైపు చూస్తోంది. బండ్లవాళ్లంతా నవ్వారు. మేనేజరు డబ్బాను ఎత్తుకుని కారెక్కాడు. ఎక్కే తొందరలో కొత్త బూటు ఒకటి పచ్చి సిమెంటులో దిగబడింది. మేస్త్రి దాన్ని తాపీతో జాగ్రత్తగా తవ్వి తీసి ఇచ్చాడు. ఆయన దానికి డబ్బులేమీ అడగలేదు, కానీ ఆ చోటు మళ్లీ సాపు చేస్తూ మరాఠీలో చాలాసేపు ఏదో అన్నాడు. నాకు అర్థం కాకపోవడమే మంచిదైంది.

కొన్నాళ్లకు కరీంనగర్ కార్మిక శాఖ ఆఫీసులో అందరం కూర్చున్నాం. ఒక పక్క సేఠ్, మేనేజరు. ఇంకో పక్క నేను, అక్క, వంటమాస్టరు. మధ్యలో ఆఫీసరు మేడం. వంటమాస్టరు పెళ్లినాటి సూటు వేసుకొచ్చాడు. బొత్తాలు పట్టకపోతే అక్క పిన్నీసులు పెట్టింది.

సేఠ్, “వ్యాపారమన్నంక ట్రాన్స్‌ఫర్లు ఉంటయి మేడం. మా ఆదిలాబాద్ బ్రాంచికి ఇన్‌చార్జిగ పంపినం” అన్నాడు. ఆయన ఆ బ్రాంచిని అప్పటిదాకా కాగితం మీద బొమ్మగానే చూశాడు.

మేడం నావైపు తిరిగింది. “బ్రాంచి ఎట్లున్నది?”

మేనేజరు పంపమన్న ఫోటోలన్నీ నా ఫోన్లో ఉన్నాయి. ఒక్కొక్కటే చూపించాను. టై కట్టుకుని స్తంభం పక్కన నేను. టై కట్టుకుని ఇసుక కుప్ప ముందు నేను. తువ్వాలు ఒక కొస నేను, ఒక కొస మేక. మేడం చాలాసేపు నవ్వు ఆపుకుంది. ఆ మేక ఫోటో దగ్గర ఆగలేకపోయి, నీళ్లు తాగే మిషతో గ్లాసు అడ్డం పెట్టుకుంది.

తర్వాత గొంతు సవరించుకుని సేఠ్‌తో అంది. “టిప్పులెట్ల పంచాలని చట్టంల ఇడమర్చి రాసిలేదు, నేను అబద్ధం చెప్ప. గని గిరాకీ పనిచేసినోనికి ఇచ్చింది మీ ఏసీకి ఇచ్చినట్టు ఎట్లయితది? ఇంక, ఒక ముచ్చట అడిగిండని మనిషికి సెలవు తీసేసి, గిట్ల నిలబెడితె మాత్రం నేను ఊకోను. రాతపూర్వకంగ ముందుకు పోదామా, మీరే సరిచేసుకుంటరా?”

సేఠ్ అప్పుడు బామ్మర్దివైపు తిరిగి, చాలా మెల్లగా అడిగాడు. “చేపలకు వాటా ఏందిరా?”

ఆయనకు ఆ సంగతి నిజంగా తెలియదు. మేనేజరు పిల్లల గురించి, ఇంకో ఐటం గురించి మొదలుపెట్టాడు కానీ, ఆ ఆఫీసు గదిలో అది ఆయనకే నచ్చలేదు, మధ్యలో ఆపేశాడు.

సేఠ్ సరిచేసుకుంటానన్నాడు. నా సెలవులు, నా టేబుళ్లు తిరిగి వచ్చాయి. టిప్పుల్లో మేనేజరుకు, ఏసీకి, చేపలకు వాటా పోయింది. వంటింటికీ అక్కకూ వచ్చింది. ఎవరికెంత అన్నది మమ్మల్నే తేల్చుకోమన్నాడు. అది తేలడానికి చాలా మధ్యాహ్నాలు పట్టింది. ఉల్లిపాయలు తరిగేవాడు రోజూ ఏడుస్తున్నాడు కాబట్టి వాడికి ఎక్కువ ఇవ్వాలని ఒకరు, ఎసట్లో చెయ్యి కాల్చుకున్నవాళ్లకు ఎక్కువని ఒకరు. సర్వర్లలో ఒకడు అలిగి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడకుండానే తన వాటా తీసుకున్నాడు. మేనేజరు మేనేజరుగానే ఉన్నాడు. నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. నేను పక్కనే ఉన్నా వాచ్‌మన్‌ను పిలిచి, “గాయనకు చెప్పు, మూల టేబుల్ తుడువుమని” అనేవాడు. నేను కూడా, “తుడిచిన్నని చెప్పు” అనేవాణ్ని. పాపం వాచ్‌మన్ ఇద్దరి మధ్యా తల తిప్పుతూ నిలబడేవాడు.

ఆదిలాబాద్ హోటల్ మరుసటి ఏడు తెరిచారు. కొత్త సర్వర్లకు పని నేర్పడానికి నన్ను కొన్నాళ్లు పంపుతానన్నాడు సేఠ్. ఈసారి గోడలున్నాయా అని అడిగి, ఉన్నాయన్నాకే పోయాను. ప్రారంభం నాడు మేస్త్రి ఉతికిన ధోవతి కట్టుకుని వదినతో కలిసి వచ్చాడు. కిటికీ దగ్గరి మంచి టేబుల్ ఇచ్చి, చేపల ఫ్రై తెచ్చి పెట్టాను. ఆయన రెండు ముక్కలు తిని లేచాడు. గోడకు అంటించిన పూల కాగితం మీద పిడికిలితో కొట్టి చూసి, “ఇది నాది” అన్నాడు. మళ్లీ కూర్చుని ఒక ముక్క తిని లేచి, ఇంకో గోడ దగ్గరికి పోయాడు. పక్క టేబుల్ వాళ్లను కొద్దిగా జరగమని, వాళ్ల వెనక గోడ కూడా కొట్టి చూశాడు. వాళ్లు ఈయన తనిఖీకి వచ్చిన ఇంజనీరనుకుని లేచి నిలబడ్డారు.

వదిన ప్లేటు తనవైపు జరుపుకుంది. “గోడలు ఏడికి పోవు. రా, చేప సల్లారుతున్నది” అని పిలిచి, ఆయన రాకపోయేసరికి మిగతా ముక్కలు తానే తినడం మొదలుపెట్టింది.